చోటు మారితే ఆట మారుతుందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నన్ను ఆటల గురించి మాట్లాడమన్నారు. నేను ఎంచుకున్న ఆట పేరు వింటే డ్రిల్లు మాస్టారు ఉలిక్కిపడతారేమో. స్నూకర్, పూల్. మా చిన్నప్పుడు ఆ బల్ల ఉన్న గదివైపు తొంగి చూశాడని తెలిస్తే చాలు, మర్నాడు ప్రేయర్ అయ్యాక బెత్తం సిద్ధంగా ఉండేది. ఇప్పుడు బెత్తాలు లేవు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఈ ఆటే ఎందుకంటే, ఈ సాయంత్రం సర్వసభ్య సమావేశంలో మనం ఒక విషయం తేల్చుకోవాలి. ఏటా సంక్రాంతికి జరిపే మన కేరమ్స్ పోటీని బడిలోని పొడుగు హాల్లోంచి బైపాస్ రోడ్డు మీద ఉన్న ఫంక్షన్ హాలుకు మార్చాలా, వద్దా? రెండు వైపులా గట్టిగా మాట్లాడేవాళ్ళున్నారు. వాట్సాప్ గ్రూపులో ఈ గొడవ మొదలయ్యాక ముప్పై ఏళ్ళ స్నేహితులిద్దరు పలకరించుకోవడం కూడా మానేశారు. అందుకని ఇదే ప్రశ్న ఎదురైన రెండు పెద్ద పోటీల సంగతి ముందు చెప్పి, తర్వాత మన సంగతికి వస్తాను.

స్నూకర్ పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో ఉన్న బ్రిటిష్ సైనికాధికారి నెవిల్ చాంబర్లిన్ దాన్ని మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. తర్వాత ప్రధాని అయిన చాంబర్లిన్ వేరు, ఈయన వేరు. ఆట నియమాలు ఊటీ క్లబ్బులో ఒక రూపానికి వచ్చాయి. అక్కణ్ణుంచి ఇంగ్లండు చేరింది. 1927లో జరిగిన మొదటి ప్రపంచ పోటీలో జో డేవిస్ గెలిచాడు. ఆయనకు ముట్టింది 6 పౌండ్ల 10 షిల్లింగులు.

ఆ పోటీకి చాలాకాలం సొంత ఇల్లంటూ లేదు. 1972 పోటీనే చూడండి. మొదటి ఆటలు 1971 మార్చిలో మొదలైతే ఫైనల్ 1972 ఫిబ్రవరిలో ముగిసింది. ఏడాది పొడుగునా ఒక్కో ఆట ఒక్కో ఊళ్ళో. ఫైనల్ జరిగింది బర్మింగ్‌హామ్‌లో, మాజీ సైనికుల క్లబ్బులో. చూడ్డానికి వచ్చినవాళ్ళు బీరు సీసాల పెట్టెల మీద పలకలు వేసుకుని కూర్చున్నారట. అప్పుడే అక్కడ గని కార్మికుల సమ్మె, కరెంటు కోత. అందులోనే 22 ఏళ్ళ అలెక్స్ హిగిన్స్ ప్రపంచ విజేత అయ్యాడు. బహుమతి 480 పౌండ్లు.

మరుసటి ఏడు మాంచెస్టర్‌లో ఒక ఎగ్జిబిషన్ హాల్లో రెండు వారాల్లో అంతా ముగించారు. అది మంచి మార్పే. 1975లో పోటీ ఆస్ట్రేలియా వెళ్ళింది. 1976లో సగం మిడిల్స్‌బరోలో, సగం మాంచెస్టర్‌లో జరిగింది. ఆ ఫైనల్లో టీవీ దీపాల వెలుతురు గురించి, బల్ల గురించి ఆటగాళ్ళే ఫిర్యాదు చేశారు. చోటు మారుతూనే ఉంది, పోటీ మాత్రం కుదురుకోలేదు.

అప్పుడు మైక్ వాటర్సన్ అనే నిర్వాహకుడు ముందుకొచ్చాడు. ఆయన భార్య షెఫీల్డ్ నగరంలో ఒక నాటకానికి వెళ్ళి వచ్చి, ఆ నాటకశాల మీ ఆటకు సరిగ్గా సరిపోతుందని ఆయనతో అన్నారు. ఆ నాటకశాల పేరు క్రూసిబుల్, అంటే మూస. షెఫీల్డ్ ఉక్కు నగరం. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల తయారీదారు మూసలో ఉక్కును కరిగించే పద్ధతికి అక్కడ పేరు తెచ్చాడు. మూసలో ఉక్కు చేయడం మనవాళ్ళకు కొత్త కాదు లెండి. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఆ ఉక్కుకు ప్రసిద్ధి. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొనుక్కుపోయేవారు.

1971లో తెరిచిన ఆ నాటకశాలకు ఒక ప్రత్యేకత ఉంది. వేదిక ప్రేక్షకుల మధ్యలోకి చొచ్చుకుని వస్తుంది. మూడు వైపులా జనం. సీట్లు సుమారు 980. ఎంత వెనక కూర్చున్నా వేదికకు దూరం దాదాపు 20 మీటర్లే. మన వీధి నాటకాల్లో జనం చుట్టూ మూగినట్టు ఉంటుందన్నమాట. 12 అడుగుల బల్ల మీద, సుమారు రెండంగుళాల బంతులతో ఆడే ఆటకు ఇంతకన్నా ఏం కావాలి?

1977 ఏప్రిల్‌లో 16 మంది ఆటగాళ్ళతో పోటీ అక్కడ మొదలైంది. జాన్ స్పెన్సర్ గెలిచి 6,000 పౌండ్లు తీసుకున్నాడు. ఆ తర్వాత పోటీ ఆ చోటు వదలలేదు. చోటు మారినందువల్ల ఏమేం మారిందో ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదటిది కెమెరా. అది ఎక్కడ నిలబెట్టాలి, దీపం ఎంత ఎత్తులో ఉండాలి అన్నవి ఏటా కొత్తగా నేర్చుకోనక్కర్లేని చోటు దొరికింది. 1978 నుంచి బీబీసీ రోజూ ప్రసారం మొదలుపెట్టింది. 1985 ఫైనల్లో డెనిస్ టేలర్, స్టీవ్ డేవిస్ 17–17తో సమంగా నిలిచి, చిట్టచివరి ఫ్రేమ్‌లో చిట్టచివరి నల్ల బంతి దాకా వెళ్ళారు. అర్ధరాత్రి దాటాక టేలర్ దాన్ని గుంటలో వేసినప్పుడు టీవీల ముందు మేలుకుని ఉన్నవాళ్ళు కోటీ 85 లక్షలు.

రెండోది ఆట కొలత. 1976 ఫైనల్లో గెలవాలంటే 27 ఫ్రేములు కావాలి. 1977లో 25. 1980 నుంచి 18 చాలు. ఆటగాళ్ళ సంఖ్య 1982లో 32కి పెరిగింది, పోటీ 17 రోజులకు స్థిరపడింది. చూసేవాడి ఓపికకు, హాలు అందుబాటుకు తగ్గట్టు ఆట తన కొలత మార్చుకుంది.

మూడోది ఆటగాడి మనసు. ఆ వేదిక మీద సరిగ్గా రెండు బల్లలే పడతాయి. మధ్యలో ఒక తెర. అవతలి బల్ల దగ్గర చప్పట్లు వినబడుతుంటే ఇవతల గురి చూడాలి. వంగి కొట్టబోతే కాస్త వెనకే మొదటి వరుస ప్రేక్షకుల మోకాళ్ళు. సెమీఫైనల్‌కు తెర తీసేసి ఒక్క బల్లే ఉంచుతారు. ఆ ఒక్క బల్ల దాకా చేరడమే జీవితాశయంగా పెట్టుకున్న ఆటగాళ్ళున్నారు. 1977 నుంచి 2025 దాకా అక్కడ తొలిసారి గెలిచిన ఏ ఒక్కరూ మరుసటి ఏడు టైటిల్ నిలబెట్టుకోలేదు. దాన్ని క్రూసిబుల్ శాపం అంటారు. నేను ఇంజనీరుని, శాపాలు నమ్మను. కానీ ఒకే చోట ఇన్నేళ్ళు ఆడితే తప్ప అలాంటి మాట పుట్టదు. ఊరూరా తిరిగే పోటీకి శాపం కూడా అంటదు.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. సీట్లు తక్కువ కాబట్టి టిక్కెట్టు దొరకడం కష్టం. గది ఇరుకు, సదుపాయాలు పాతబడ్డాయి, ఇంతకన్నా పెద్ద హాలు కావాలి అన్న వాదన కొన్నేళ్ళుగా సాగుతూనే ఉంది. వాదించేవాళ్ళలో అక్కడే గెలిచి పేరు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది.

ఇక రెండో కథ, పూల్‌ది. అమెరికాలో 9 బంతులతో ఆడే యూఎస్ ఓపెన్ 1976లో వర్జీనియా రాష్ట్రం నార్ఫోక్‌లో మొదలైంది. మొదలుపెట్టినవాడు పూల్ హాలు నడిపే బ్యారీ బెర్మన్. మొదటి విజేత మైక్ సీగెల్. 1994లో ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రెయెస్ గెలిచేదాకా అది అమెరికన్ల సొత్తే. నాలుగు దశాబ్దాలు ఆ పోటీ వర్జీనియా చుట్టుపక్కలే జరిగింది. 2016లో బెర్మన్ పోయారు. తర్వాత ఒక బ్రిటిష్ సంస్థ పోటీని కొని, 2019లో లాస్ వేగస్‌లోని పెద్ద హోటల్‌కు తీసుకెళ్ళింది. 256 మంది ఆడారు. మొత్తం బహుమతి 3 లక్షల డాలర్లు, విజేతకు 50 వేలు. 21 ఏళ్ళ జర్మన్ కుర్రాడు జాషువా ఫిల్లర్ గెలిచాడు. 2021లో పోటీ అట్లాంటిక్ సిటీకి వెళ్ళింది.

అక్కడ పోటీ పెద్దదైంది, ప్రపంచానిదైంది. ఆటగాళ్ళకు మేలు జరిగింది, కాదనలేం. అయితే నార్ఫోక్‌లో సాయంత్రం పని ముగించుకుని వెళ్ళి ప్రపంచ స్థాయి ఆట చూసి ఇంటికొచ్చే మామూలు మనిషికి ఆ వీలు పోయింది. లాస్ వేగస్ వెళ్ళాలంటే దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి విమానం ఎక్కాలి.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెడితే నాకు కనిపించేది ఇది. చోటు మారడం తప్పూ కాదు, ఒప్పూ కాదు. ఎవరు దగ్గరయ్యారు, ఎవరు దూరమయ్యారు అన్నదే లెక్క.

ఇప్పుడు మన సంగతి. పొడుగు హాల్లో ఎనిమిది బోర్డులకు మించి పట్టవు. పోయిన సంక్రాంతికి పేర్లిచ్చినవాళ్ళు నూట ముప్పై దాటారు. మొదటి రౌండు ముగిసేసరికి రాత్రి పదకొండు. పెంకుల కప్పు రెండు చోట్ల కారుతోంది. ఫ్యాన్ల గాలికి పౌడరు ఎగిరిపోతోంది. పెద్దవాళ్ళకు బాత్రూము దూరం. మార్చాలనేవాళ్ళు చెప్పేవన్నీ నిజాలే. ఫంక్షన్ హాల్లో ముప్పై బోర్డులు వేయొచ్చు, కార్లు పెట్టుకోవచ్చు, భోజనాలు ఒకే పంక్తిలో అయిపోతాయి.

కానీ ఒక్క లెక్క ఎవరూ వేయలేదు. ఏటా ఆ పోటీ చూడ్డానికి వచ్చేది ఎవరు? మన బడి పిల్లలు. నేల మీద కూర్చుని, బోర్డు అంచుకు గడ్డం ఆనించి, పెద్దవాళ్ళు రెడ్ కాయిన్ వేస్తుంటే ఊపిరి బిగబట్టి చూసే పిల్లలు. వాళ్ళకు టిక్కెట్టు లేదు, ఆహ్వాన పత్రిక లేదు. గేటు తీసి ఉంటుంది, వస్తారు. పోయినేడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మా బ్యాచ్ వాడి ఆట చూసి, ‘అంకుల్, ఆ కాయిన్ థర్డ్ పాకెట్‌కి కొడితే వచ్చేది’ అంది. వాడు ఓడిపోయాక అదే కొట్టి చూశాడు. వచ్చింది! బైపాస్ ఫంక్షన్ హాలు బడికి నాలుగు కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద లారీల మధ్య ఏ తల్లి పంపుతుంది పిల్లను? మనం సుఖంగా ఏసీలో ఆడుకుంటాం. ఆ అమ్మాయి మాత్రం రాదు. అప్పుడది పూర్వ విద్యార్థుల పోటీగా మిగులుతుంది గానీ బడి పోటీ కాదు.

అందుకని నా సూచన ఇది. షెఫీల్డ్‌వాళ్ళు దారి చూపించారు. ప్రపంచ పోటీకి పేర్లిచ్చిన వాళ్ళందరినీ క్రూసిబుల్‌లో ఆడించరు. అర్హత ఆటలు వేరే చోట, పెద్ద హాల్లో, చాలా బల్లల మీద జరుగుతాయి. అలా గెలిచొచ్చిన 16 మంది, ముందే స్థానం ఉన్న 16 మంది, మొత్తం 32 మందే ఆ వేదిక ఎక్కుతారు. మనమూ అలాగే చేద్దాం. భోగి నాడు మొదటి రౌండ్లు ఫంక్షన్ హాల్లో ముప్పై బోర్డుల మీద సాయంత్రానికల్లా ముగిద్దాం. చివరి 16 మంది ఆట మాత్రం కనుమ నాడు బడి హాల్లోనే, నాలుగు బోర్డుల మీద. ఫైనల్‌కు ఒకే బోర్డు, చుట్టూ పిల్లలు.

కప్పు సంగతి చూడకుండా ఇంత మాట అనకూడదు. నేను సివిల్ ఇంజనీరుని. మన సంఘంలో నాలాంటివాళ్ళు ఇంకా నలుగురున్నారు. దూలాలు, గోడలు, పెంకులు తనిఖీ చేసి నెల రోజుల్లో కమిటీకి రాతపూర్వకంగా నివేదిక ఇస్తాం. హాలు పిల్లలు కూర్చోవడానికి భద్రం కాదని తేలితే ఈ సూచన నేనే వెనక్కి తీసుకుంటాను. అప్పుడు కూడా ఫంక్షన్ హాలుకు కాదు, బడి ఆవరణలోనే షామియానా వేసి ఆడదాం. బాగుచేస్తే సరిపోతుందని తేలితే ఆ ఖర్చు అంచనా వేసి మీ ముందు పెడతాం. ఫంక్షన్ హాలుకు రెండు రోజుల అద్దె బదులు ఒక్క రోజే కట్టి, మిగిలింది కప్పుకు పెట్టమని నా మనవి.

మన సంఘానికి యాభై ఏళ్ళు. ఆ హాల్లో పాఠం చెప్పిన మాస్టార్లలో కొందరే ఇక్కడున్నారు. వాళ్ళు మనకు చెప్పిన పాఠాలు చాలామట్టుకు మరిచిపోయాం, ఎక్కడ కూర్చుని విన్నామో మాత్రం గుర్తుంది. ఇప్పుడు అక్కడ కూర్చున్న పిల్లలు రేపటి మన సభ్యులు. సాయంత్రం చెయ్యెత్తేటప్పుడు వాళ్ళని కూడా లెక్కలో వేసుకోండి.

మాట్లాడుకోవడం మానేసిన ఆ ఇద్దరు మిత్రులకూ ఒక మాట. మీ ఇద్దర్నీ డబుల్స్‌లో ఒకే జట్టుగా వేయమని కార్యదర్శిగారికి ఇప్పుడే చీటీ పంపాను.