“కీప్ మీ పోస్టెడ్” అనగా ఉత్తరము వేయుట కాదు
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



నేడు మేము మీతో ముచ్చటింపదలచినది మూడు ఇంగ్లీషు మాటలను గూర్చి: “కీప్ మీ పోస్టెడ్.” పై కార్యాలయముల నుండి మీ ఫోనులకు వచ్చు సందేశముల చివర ఈ మాటలు తరచు కనబడుచుండును. చిన్న మాటలే కదా యని మేమును తలచియుంటిమి. ఒక చెరువు కట్ట మా అభిప్రాయమును మార్చినది.

గత వర్షకాలమున ఒక గ్రామములో చెరువు నిండి, తూము ప్రక్కన కట్ట వెలుపల ఊట కనబడెను. సర్పంచి గారు ఇంజనీరు గారికి ఫోటో పంపిరి. “చూచితిని, కీప్ మీ పోస్టెడ్” అని బదులు వచ్చినది. సర్పంచి గారు ఇంగ్లీషు కొద్దిగా ఎరిగినవారు. పోస్టు అనగా తపాలా గదా! సంగతి యంతయు కాగితముపై వివరముగా వ్రాసి, పంచాయతీ ముద్ర వేసి, పోస్టులో వేయించి, జవాబునకై ఎదురుచూచిరి. మూడవనాటి ఉదయమునకు ఊటనీరు ఎర్రబారెను. ఉత్తరము వెళ్ళినది గదా యను ధైర్యముతో ఆ సంగతి ఎవరికిని చెప్పలేదు. ఆ రాత్రి గండి పడెను. ప్రాణనష్టము లేదు గాని, కట్ట క్రింది వరిపొలములలో ఇసుక మేట వేసెను. ఉత్తరము మరునాడు ఆఫీసు చేరినది.

తప్పు సర్పంచి గారిదని మేమనము. తెలుగు గ్రామమునకు తెలుగులో వ్రాయకపోవుట మొదటి తప్పు. మేమును అట్లు వ్రాసినవారమే గాన ఈ మాట సంకోచము లేక చెప్పగలము.

ఇక్కడి “పోస్టెడ్” తపాలా మాట కాదు, లెక్కల మాట. వర్తకుల యొద్ద చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకములుండుట మీరెరుగుదురు. ఏనాటి జమాఖర్చు ఆనాడు చిట్టాలో పడును. ఆ పద్దులను ఆవర్జాలో ఎవరి ఖాతా క్రింద వారికి ఎక్కించుటను ఇంగ్లీషులో పోస్టు చేయుట యందురు. ఎక్కింపు నిలిచిపోయిన ఆవర్జాను చూచి బాకీ చెప్పబోవు గుమాస్తా, ఎంత నిజాయితీపరుడైనను, తప్పే చెప్పును. 19వ శతాబ్దమున అమెరికా ఇంగ్లీషులో ఈ మాట పుస్తకముల నుండి మనుష్యులకు ప్రాకినది. కావున “కీప్ మీ పోస్టెడ్” అనగా, “నేనడుగకున్నను, సంగతి మారినప్పుడెల్ల నాకు తెలుపుచుండుడు” అని అర్థము. పని యంతయు “కీప్” అను మాటలోనే యున్నది. ఒక్కసారి చెప్పి ఊరకుండుట చాలదు.

ఆ చెరువు విషయములో మారిన సంగతి ఏది? నీటి రంగు. ఊట తేటగా నున్నంతవరకు కనిపెట్టి యుండవచ్చును. అది బురదగా మారెనా, కట్ట లోపలి మన్ను కొట్టుకొని వచ్చుచున్నదన్నమాట. “ఉదయము 6 గంటలు. ఊట ఎర్రబారినది. ధార హెచ్చినది.” ఇంతమాత్రము తెలుగులోనే పంపిన చాలును, మర్యాద వాక్యములు అక్కరలేదు. అట్టివేళ సందేశముతో ఆగక ఫోను కూడ చేయుడు. మార్పు లేనప్పుడు “మార్పు లేదు” అనుటయు వార్తయే.

ఈ మాటను మీరును వాడవచ్చును. పరిచయమున్నవారితో “ప్లీజ్ కీప్ మీ పోస్టెడ్” అనుట సరసముగా నుండును; కలెక్టరు గారికి పెట్టు అర్జీలో తగదు. ఏ అధికారి యైనను మీతో “ఐ విల్ కీప్ యూ పోస్టెడ్” అన్నచో ఆయన మీకు బాకీ పడినట్లే. ఏ తేదీలోగా యని అడుగుడు. బాకీ తీరనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు చేయవచ్చును. సాధారణముగా 30 దినములలో జవాబు రావలెను. ఊట పట్టిన కట్ట 30 దినములు ఆగదు, అది వేరు సంగతి.

ఆ గ్రామమున గండి పూడ్చిరి. మొన్న వాన కురిసిన రాత్రి సర్పంచి గారి నుండి మాకును ఒక సందేశము వచ్చినది. “అలుగు పారుచున్నది. తూము వద్ద ఊట లేదు. మరల 10 గంటలకు చూచెదము.” పది గంటలకు రెండవది వచ్చినది.