ఫారం నింపే ముందు ఆ ఇంటికి వెళ్లండి



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానమే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో షుగరు, బీపీ లేనివాళ్లకీ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఏళ్లు గడిచినా పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. ఎప్పుడో రావలసినవి.

డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు. వెంట వెళ్లినవాళ్లకి ఆ రోజు కూలి పోయినట్టే. 2018 తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి తోటలు కూలాక ఆ కూలి దొరకడమూ కష్టమైంది. అలాంటి ఇంట్లో కుర్రాడు బడి మానేస్తే, ఈ దొంగసరుకు సంచి రాష్ట్ర సరిహద్దులోని ఇచ్ఛాపురం దాటించమని అడిగేవాడు ఎవడో ఒకడు వస్తాడు. పట్టుబడేది మోసినవాడే.

2015 నాటి బాలల న్యాయ చట్టం ఆ కుర్రాణ్ణి లాకప్‌లో పెట్టొద్దంది, 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచమంది. ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ప్రొబేషన్ అధికారి 15 రోజుల్లో ఇవ్వాల్సిన సామాజిక దర్యాప్తు నివేదిక. ఇంట్లో ఎవరెవరున్నారు, సంపాదన ఎంత, ఎవరి ఆరోగ్యం ఎలా ఉంది, చదువు ఎందుకు ఆగింది? అన్నీ అందులో రాయాలి. ఆఫీసులో కూర్చుని నింపితే ‘తండ్రికి అనారోగ్యం’ అన్న ఒక్క ముక్కతో అయిపోతుంది. ఇంటికి వెళితే మేకుకి వేలాడే ఆసుపత్రి చీటీల సంచి కనబడుతుంది. అందులో క్రియాటినిన్ పెరిగిన తేదీ చూసి, బడికి వెళ్లి హాజరు పట్టీ తిరగేస్తే, కుర్రాడు రావడం మానేసిందీ ఆ నెలలోనే అని తెలియవచ్చు. అప్పుడు తండ్రికి నెలకు 10,000 రూపాయల డయాలసిస్ పింఛను అందుతోందా, కుర్రాణ్ణి మళ్లీ బడిలో చేర్చేదెవరు అని బోర్డు అడగగలుగుతుంది. అంతవరకూ బోర్డుకి కనబడేది నేరం ఒక్కటే.

ఆ బోర్డులో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుంటారు, ఒకరు మహిళ అయి తీరాలి. పిల్లల ఆరోగ్యం, చదువు, సంక్షేమం కోసం కనీసం 7 ఏళ్లు పనిచేసినవాళ్లకి అక్కడ కూర్చునే అర్హత ఉంది. ఆరోగ్యం, న్యాయం వేర్వేరు శాఖలని మనం అనుకుంటున్నాం గానీ, ఈ చట్టం అలా అనుకోలేదు.

కాబట్టి అడుగుతున్నాను. కవిటిలోనో, గర్భిణుల్ని ఇంకా డోలీలో కిందికి దించుతున్న శృంగవరపుకోట కొండ ఊళ్లలోనో మీకు పని దొరికితే, బదిలీ కోసం తిరగకండి. అక్కడ 7 ఏళ్లు ఉండండి. తరవాత ఆ బోర్డుకి దరఖాస్తు పెట్టండి.