తెప్ప మోటారు మొరాయించినప్పుడు

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీ నుండి జూన్ 14వ తేదీ వరకు, అనగా 61 దినములు, మన తూర్పు తీరమున మరపడవలకును మోటారు తెప్పలకును వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే ఈ నియమమును విధించిరి. ఆ రెండు మాసములును ఇచ్ఛాపురము మొదలు తడ వరకు తెప్పలు ఇసుకమీద నుండును. వాటి మోటారులు గోనెపట్టాల క్రింద మూలన నుండును. జూన్ 15వ తేదీ వేకువను వాటిని మరల తెప్పలకు బిగింతురు. త్రాడు లాగగానే మోటారు మ్రోగును, అందరును సంతోషింతురు. కాని పిడి త్రిప్పి వేగము కోరగానే అది రెండుమారులు దగ్గి ఆగిపోవును. ఆ దగ్గునకు కారణమేమి, దానిని కనుగొను క్రమమెట్టిది అనునదే నేటి ప్రసంగ విషయము.

ఇది కడలి యొడ్డువారి గొడవ, మనకేల యని శ్రోతలలో కొందరు తలంపవచ్చును. గోదావరికి వరదలు వచ్చినప్పుడు లంకగ్రామములకు పోవు రక్షణదళముల గాలిపడవలకును ఇట్టి మోటారులనే బిగింతురు. ఒడ్డున ఆగిన మోటారు చికాకు మాత్రమే. అల విరుగు చోట ఆగిన మోటారు ప్రాణాపాయము. వేగము తప్పిన తెప్ప అలకు అడ్డము తిరుగును. అడ్డము తిరిగిన తెప్పను తరువాతి అల బోర్ల వేయును.

పడవ వెనుక తగిలించు మోటారు నేటిది కాదు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరమున ఇట్టి మోటారుల వ్యాపారము నారంభించెను. నాటినుండి నేటివరకు ఎన్ని మార్పులు వచ్చినను, కార్బురేటరు గల మోటారులలో వేగమును పెంచు ఉపాయము మాత్రము ఒక్కటే.

పిడి త్రిప్పినచో మోటారునకు బలము చేకూరునని చాలమంది భావింతురు. నిజమునకు పిడి ఒక చిన్న తలుపును తెరచును, అంతే. పిడినుండి ఒక కేబులు పోవును. కేబులు ఒక మీటను లాగును. మీట కార్బురేటరులోని రేకు తలుపును త్రిప్పును. ఆ సందున గాలి హెచ్చుగా లోనికి పోవును. ఆ గాలి ఒరవడికి పెట్రోలు తుంపరలై వెంట పోవును. కావున వేగము రానప్పుడు మనము విచారింపవలసిన ప్రశ్నలు నాలుగు. తలుపు తెరచుకొనుచున్నదా? తెరచుకొనినచో పెట్రోలు అందుచున్నదా? అందినచో నిప్పురవ్వ సరిగా పడుచున్నదా? అన్నియు సరియైనచో మోటారు బలము నీటికి చేరుచున్నదా?

కొన్ని సంవత్సరముల క్రిందట మత్స్యకారుల కార్యక్రమమునకై మాటలు రికార్డు చేయుటకు నేనొక తెప్పలో పోతిని. ఒడ్డునకు దూరముగా పోయినపిమ్మట మోటారు నీరసించి ఆగిపోయినది. వెంటనున్న యువకుడు పానా తీసి కార్బురేటరును విప్పబోయెను. తెప్ప నడుపు పెద్దాయన వానిని వారించి, పెట్రోలు డబ్బా మూతపైనున్న చిన్న గాలిమరను రెండు చుట్లు వదులు చేసెను. “ఇంజనుకు జబ్బు లేదు బాబూ, దాహం” అనెను. డబ్బాలోనికి గాలి పోనిచో పెట్రోలు వెలికి రాజాలదు. మర విప్పుట మరచినందున మోటారు కొంతదూరము నడిచి, ఉన్న పెట్రోలు త్రాగి ఆగినది. నాడు కార్బురేటరును విప్పియుండినచో నడికడలిలో చిన్న మరలు నీటిపాలై, లేని జబ్బు వచ్చియుండెడిది.

అందుచేత పరీక్ష డబ్బావద్ద ఆరంభము కావలెను. గాలిమర, గొట్టము, కొక్కెములు చూడవలెను. గొట్టము నడుమనున్న రబ్బరు బుడ్డి మంచి వైద్యుడు. మోటారు నీరసించుచున్నప్పుడు ఆ బుడ్డిని నొక్కి చూడుడు. నొక్కగానే మోటారు కోలుకొన్నచో పెట్రోలు చాలినంత అందుట లేదని అర్థము. బుడ్డి తనంతట చప్పబడిపోయినచో డబ్బావైపున అడ్డమున్నది. ఎంత నొక్కినను గట్టిపడనిచో ఎచ్చటనో గాలి దూరుచున్నది, లేక బుడ్డిలోని కవాటము చెడినది.

తరువాత కేబులు. మోటారు నాపి, పై మూత తీసి, ఒకరు పిడి త్రిప్పుచుండగా మరియొకరు మీటను చూడవలెను. పిడి పూర్తిగా తిరిగినను మీట సగమే కదలినచో కేబులు సాగినది, లేక జారినది. ఉప్పు పేరుకొని కేబులు బిగుసుకొనుటయు కలదు. బిగుసుకొనిన కేబులు వేగము రానీయకపోవుటకంటె, వచ్చిన వేగమును తగ్గనీయకపోవుట మిక్కిలి అపాయకరము. అట్టివేళ పిడితో పెనుగులాడరాదు. మణికట్టునకు కట్టుకొను ఆపుత్రాడును లాగవలెను. ఆ త్రాడును కట్టుకొనకుండ మోటారు నడుపుట కన్ను మూసికొని నడచుటయే.

ఇక కార్బురేటరు. వేటవిరామము తరువాత వచ్చు దగ్గునకు తరచుగా మూలమిచ్చటనే యుండును. అందు నిలిచిన పెట్రోలు ఆవిరియై జిగురు మిగుల్చును. ఆ జిగురు వెంట్రుకవంటి రంధ్రములను మూయును. మెల్లగా నడచునప్పుడు ఆగిపోవుచు, చోక్ లాగినప్పుడు మాత్రమే బ్రతుకుచున్నచో చిన్న రంధ్రము మూసుకొనినది. మెల్లగా బాగుగా నడచి, వేగము కోరగానే నీరసించినచో పెద్ద రంధ్రమును అనుమానింపవలెను. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. ఇథనాలు తేమను పీల్చును. తేమ హెచ్చినచో నీరు విడివడి డబ్బా అడుగునకు దిగును. మోటారు మొదట త్రాగునది అడుగునున్న దానినే. కావున రెండు మాసములు నిలిచిన పెట్రోలును నమ్మరాదు.

రంధ్రములను ఇనుపతీగతో పొడువరాదు. రంధ్రము పెద్దదై కొలత తప్పును. శుభ్రము చేయు ద్రవముతోను, గాలితోను తేరుపవలెను. తేర్పకముందే పెట్రోలు పాళ్ళ మరను త్రిప్పుట మరియొక పొరపాటు. పెట్రోలులో నూనె కలిపి నడుపు మోటారులలో, పెట్రోలు కొరవడినచో నూనెయు కొరవడును. అట్టి మోటారును బలవంతముగా వేగముతో నడిపినచో పిస్టను పట్టివేయును.

నిప్పురవ్వ సంగతి క్లుప్తముగా చెప్పెదను. రెండు సిలిండర్ల మోటారులో ఒకటి పనిచేయకున్నను రెండవది మెల్లగా లాగుకొని పోవును; వేగము మాత్రము రాదు. రెండు ప్లగ్గులును విప్పి పోల్చినప్పుడు ఒకటి పెట్రోలుతో తడిసి, రెండవది పొడిగా నున్నచో తడిసినదానిని మొదట అనుమానింపుడు. మోటారు మ్రోత హెచ్చి తెప్ప మాత్రము కదలనిచో, నీటిలోని ఫ్యాను నడుమ రబ్బరు జారినది. మోటారు మూల్గుచున్నచో ఫ్యానుకు వలత్రాడు చుట్టుకొనినదేమో చూడవలెను. ఫ్యానును తాకుటకు ముందు మోటారు నాపి, ప్లగ్గు టోపీలు తీయుట మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఒడ్డున మ్రోగిన మోటారు కడలిలో పనిచేయునని నమ్మరాదు. బరువు పడినప్పుడేగాని ఈ లోపము బయటపడదు. కావున మొదటి వేటకు ముందే, శాంతముగా నున్న ఉప్పుటేటిలో తెప్పను దింపి, పిడిని పూర్తిగా త్రిప్పి, కొంతసేపు నడిపి చూడవలెను. నీరు లేనిచోట నడిపినచో మోటారును చల్లబరచు నీటి పంపు కాలిపోవును. లోపము కనబడినప్పుడు ఒకసారి ఒక్క మార్పే చేయుడు; రెండు చేసినచో ఏది మందో తెలియదు.

విరామము రాకముందే మోటారును మంచినీటితో కడిగి, కార్బురేటరులోని పెట్రోలును అడుగు మర విప్పి తీసివేసి, కేబులుకు గ్రీజు పూయుట ఒక పూట పని. ఏప్రిలులో ఆ పూట వెచ్చించినవాడు జూను మాసమున అలల నడుమ పిడి త్రిప్పినప్పుడు మోటారు మాట వినును. ఒడ్డున ఎదురుచూచు ఇంటివారికి కావలసినదియు అంతియే.