వారానికి ఒక్కరోజు



నేను కీళ్లవాతం డాక్టర్ని. నా దగ్గరికొచ్చే వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అందులోనూ ముప్పై నలభై ఏళ్ల వాళ్లు. పొద్దున లేవగానే వేళ్లు పట్టేస్తాయి. జడ వేసుకోలేరు, పిండి కలపలేరు, తడిబట్ట పిండలేరు. పదయ్యేసరికి చేతులు కాస్త స్వాధీనంలోకి వస్తాయి కాబట్టి వీళ్ల బాధను ఇంట్లోవాళ్లే నమ్మరు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఈ జబ్బులో మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీలు లోపలి పలుచని పొర మీద దాడికి దిగుతుంది. ఆ పొర వాచి, మందమై, మృదులాస్థినీ ఎముకనూ కొరికేస్తుంది. ఒకసారి అరిగిన ఎముకను ఏ మందూ తిరిగి తేలేదు.

ఈ జబ్బుకు ఇవాళ ప్రపంచమంతా మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. అది పుట్టింది అమెరికాలో, లెడర్లీ ప్రయోగశాలలో. పుట్టించిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చిన మనిషి. ఈరోజు పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులైన మీ ముందు ఆయన పేరు తలవకుండా ఉండలేను. ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది, దాన్ని అడ్డుకునే మెథోట్రెక్సేట్ లాంటి మందులనూ తయారుచేసింది. వాటితోనే సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు పిల్లల ల్యుకేమియాకు తొలిసారి కళ్లెం వేయగలిగాడు. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

1951లో గబ్నర్ అనే అమెరికన్ వైద్యుడు ఫోలిక్ ఆసిడ్‌ను అడ్డుకునే ఆ మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌ను కొద్దిమంది కీళ్లవాతం రోగులకు ఇచ్చి చూశాడు. వాపులు తగ్గాయి. ఆ సంగతి రాశాడు కూడా. కానీ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కారణం కార్టిజోన్ అనే స్టెరాయిడ్. 1948 సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ దాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే, మంచం దిగలేని ఒక యువతి వారం తిరక్కుండానే లేచి నడిచింది. కామెర్లు వచ్చినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు కీళ్లనొప్పులు తగ్గుతున్నాయని తన రోగులు చెప్పిన మాటను హెంచ్ ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకున్నందుకు దక్కిన ఫలం అది. 1950లో నోబెల్ బహుమతీ వచ్చింది. అయితే ఎక్కువకాలం వాడితే ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, షుగరు పెరగడం త్వరలోనే బయటపడ్డాయి. ఆ జాతి స్టెరాయిడ్లే ఇవాళ మన పల్లెల్లో పేరు లేని పొట్లాల్లో దొరుకుతున్నాయి. నొప్పి తగ్గుతుంది, కీలు మాత్రం లోపల అరిగిపోతూనే ఉంటుంది.

గబ్నర్ రాసినది చాలా ఏళ్లపాటు దాదాపుగా లైబ్రరీల్లోనే ఉండిపోయింది. క్యాన్సర్ మందు కీళ్లనొప్పులకేమిటన్న భయం కూడా అందుకు తోడైంది. 1985లో బోస్టన్‌లో వైన్‌బ్లాట్ బృందం, తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒకసారి చొప్పున ఇచ్చి పద్ధతిగా పరీక్షించిన ఫలితాలు ప్రకటించింది. 1988లో కీళ్లవాతానికి దాన్ని వాడేందుకు అమెరికా అనుమతి వచ్చింది. ఆ మధ్యలో గడిచిన ఏళ్లలో ఎన్ని చేతులు వంకరపోయాయో ఆలోచించండి! మందు ఉంది, ఆధారం ఉంది. దాన్ని రోగి దాకా మోసుకెళ్లే మనిషే కరువయ్యాడు. పరిశోధన అనగానే మీలో చాలామందికి ప్రయోగశాలే గుర్తొస్తుంది. నా దృష్టిలో ఆ మోసుకెళ్లడం కూడా పరిశోధనే.

మోసుకెళ్లినవాళ్లు ఎలా ఉంటారో చూడాలంటే అప్పట్లో లండన్‌లో ఉన్న కెనడీ ఇన్‌స్టిట్యూట్ కథ చదవండి. లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ రోగులను చూసేవాడు, మార్క్ ఫెల్డ్‌మన్ కణాలను చూసేవాడు. కీళ్లలో మంటకు కారణమయ్యే సంకేత పదార్థాలు ఎన్నో ఉన్నాయి, ఒకదాన్ని ఆపితే మరొకటి ఆ పని చేస్తుందని అప్పట్లో చాలామంది నమ్మకం. వీళ్లు రోగుల కీళ్ల పొర నుంచి తీసిన కణాలను గాజుపాత్రలో పెంచి, టీఎన్ఎఫ్ అనే ఒక్కదాన్ని యాంటీబాడీతో అడ్డుకున్నారు. మిగతావి కూడా తగ్గుముఖం పట్టాయి. 1992లో చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో ఇరవైమంది రోగులకు ఆ యాంటీబాడీ ఇచ్చారు, దాదాపు అందరిలోనూ గుణం కనబడింది. మందు ప్రభావం తగ్గాక జబ్బు తిరగబెట్టింది, మళ్లీ ఇస్తే మళ్లీ తగ్గింది. ఒక కొత్త తరం మందులకు అది నాంది. ఒక్క హెచ్చరిక: శరీరం టీబీ క్రిములను గోడకట్టి బంధించి ఉంచడానికి కూడా ఈ టీఎన్ఎఫ్ కావాలి. టీబీ ఇంతగా ఉన్న మన దేశంలో పరీక్ష చేయకుండా ఈ ఇంజెక్షన్ రాయకండి.

ఈ కొత్త మందులు అందరికీ పనిచేయవు, ఖరీదూ ఎక్కువే. ఎవరికి ఏది పనిచేస్తుందో ముందే కచ్చితంగా చెప్పగల పరీక్ష మన చేతిలో ఇంకా లేదు. కీలు వాచడానికి కొన్నేళ్ల ముందే రక్తంలో యాంటీ సీసీపీ యాంటీబాడీలు కనబడతాయని మాత్రం తెలుసు. అంటే జబ్బును రాకముందే ఆపగలమా అన్న ప్రశ్న ఇప్పుడు న్యాయమైనదే. మీలో కొందరు దాని వెంట పడాలని నా కోరిక.

మిగతావారు ఊళ్లలో, పీహెచ్‌సీల్లో కూర్చుంటారు. కీళ్లనొప్పి అనగానే ఏఎస్‌ఓ, యూరిక్ ఆసిడ్ రక్తపరీక్షలు రాసి చేతులు దులుపుకోకండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనీ తేల్చేయకండి. పొద్దున పట్టేయడం ఎంతసేపు ఉంటోందో అడగండి. అరగంట దాటితే అనుమానించండి. వేళ్ల మొదళ్లను నాలుగింటినీ కలిపి అడ్డంగా, మెల్లగా నొక్కండి. రోగి ముఖం చిట్లిస్తే ఆలస్యం చేయకుండా నిపుణులకు పంపండి. మొదటి కొన్ని నెలల్లో మందు మొదలైన చెయ్యి వేరు, రెండేళ్ల తర్వాత మొదలైన చెయ్యి వేరు.

మెథోట్రెక్సేట్ రాసే రోజు వచ్చినప్పుడు ఇంకొక్కటి గుర్తుంచుకోండి. అది వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. మిగతా బిళ్లల్లాగే రోజూ వేసుకుని, నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. చీటీ మీద ఇంగ్లిష్‌లో గీకి వదిలేయకండి. ‘ఆదివారం మాత్రమే’ అని తెలుగులో, విడివిడి అక్షరాలతో రాయండి. ఫోలిక్ ఆసిడ్ ఏ రోజు వేసుకోవాలో పక్కనే రాయండి. గర్భం ఆలోచన ఉందేమో ముందే అడగండి. ఆ చీటీని రోగి చేత ఒకసారి పైకి చదివించి, అప్పుడు పంపండి.