బోర్డు కంపెనీది, భారం మనదా?

(విత్తన పత్తి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాది బాధ్యత గల కంపెనీ, మా విత్తనంలో బాలల చెమట లేదు అని విత్తన కంపెనీలు ఊళ్లలో బోర్డులు పెడుతున్నాయి. మాట మంచిదే. పిల్లలు బడిలోనే ఉండాలి, ఇందులో మనకు బేరం లేదు. కానీ ఆ మాట నిలబెట్టే ఖర్చు ఎవరు భరించాలో తేలాలి.

బహుళజాతి కంపెనీలు ఎలా నడుచుకోవాలో చెప్పే నియమాలు కొత్తవి కావు. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ 1976లో మార్గదర్శకాలు ఇచ్చింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ప్రకటన చేసింది. 1997లో ఎస్ఏ 8000 అనే సర్టిఫికెట్, 2000లో ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్ వచ్చాయి. బాల కార్మికులు వద్దు, వెట్టి వద్దు, సంఘం పెట్టుకునే హక్కు ఉండాలి అని అన్నీ చెబుతాయి. అయితే ఇవన్నీ కంపెనీలు ఇష్టపడి ఒప్పుకునేవి. తప్పితే జైలు లేదు, జరిమానా లేదు.

కాగితం ఎంతవరకు కాపాడుతుందో కరాచీ చూపించింది. 2012 సెప్టెంబరులో అక్కడి బట్టల ఫ్యాక్టరీ అలీ ఎంటర్‌ప్రైజెస్ తగలబడి 250 మందికి పైగా కార్మికులు చనిపోయారు. దానికి కొద్ది వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి ఎస్ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది.

ఇప్పుడు మన చేలకు వద్దాం. సీడ్ పత్తిలో సాయంత్రం మొగ్గలోని మగ భాగం తీసేయాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. నెలల తరబడి రోజూ ఇదే పని. ఖర్చులో పెద్ద వాటా కూలికే పోతుంది. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఈ పనికి ఆడపిల్లలను అడ్వాన్సులిచ్చి తెస్తున్నారని 2003లో పరిశోధకులు బయటపెట్టారు. 2004లో జర్మనీలో స్వచ్ఛంద సంస్థలు ఓఈసీడీ మార్గదర్శకాల కింద ఫిర్యాదు కూడా చేశాయి. అప్పటి నుంచే కంపెనీలు కదిలాయి. తనిఖీలు, షరతులు, పిల్లలు లేని చేలకు కొంత అదనపు ధర వచ్చాయి. అంటే ఒత్తిడి పెడితే పని జరుగుతుంది.

మరి లోపం ఎక్కడుంది? కంపెనీ ఒప్పందం ఆర్గనైజర్‌తో. ఆర్గనైజర్ మాట రైతుతో. కూలీ మాట రైతు ఒక్కడితో. విత్తనం కంపెనీదే, ప్యాకెట్ ధర నిర్ణయించేది కంపెనీయే, పరీక్షలో ఫెయిలంటే సరుకు తిప్పి పంపేది కంపెనీయే. తనిఖీలో చేలో పిల్ల కనిపిస్తే మాత్రం నేరం రైతుది! పెద్దవాళ్లకు చట్టబద్ధమైన కూలి ఇస్తే మిగలని ధర ఇచ్చి, నియమం మటుకు పాటించమంటే ఎలా? ఒక చేత్తో నియమం రాసి, ఇంకో చేత్తో ధర కోయడం బాధ్యత అనిపించుకోదు.

స్వచ్ఛందం తప్ప వేరే దారి లేదనేవాళ్లకు బంగ్లాదేశ్ జవాబు. 2013 ఏప్రిల్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయాక, 200కు పైగా బ్రాండ్లు కార్మిక సంఘాలతో చట్టపరంగా కట్టుబడే ఒప్పందం మీద సంతకం చేశాయి. సంఘాలు బల్లకు అవతల కూర్చున్నాయి కాబట్టే అది సాధ్యమైంది.

మనం అడగాల్సినవి నాలుగు:

1. నాటకముందే ధర రాసిన ఒప్పందం తెలుగులో, కంపెనీ సంతకంతో రైతు చేతికి రావాలి.

2. పెద్దల కనీస కూలి లెక్కగట్టి ప్యాకెట్ ధర పెంచాలి.

3. తనిఖీకి వచ్చేటప్పుడు రైతు సంఘం, కూలీ సంఘం ప్రతినిధులు ఉండాలి. కూలి ఎంత, మందు కొట్టేటప్పుడు రక్షణ ఏమిటి అన్నవీ చూడాలి.

4. ఈ నియమాలను ప్రభుత్వం చట్టంలో పెట్టి, కంపెనీని బాధ్యురాలిని చేయాలి.

కూలీలు మనకు పోటీ కాదు. వాళ్ల కూలి, మన ధర ఒకే సంచిలోంచి రావాలి, ఆ సంచి మూతి కంపెనీ చేతిలో ఉంది. వచ్చే సీజన్ ఒప్పందాల ముందే ప్రతి ఊళ్లో ఈ నాలుగు డిమాండ్లు చదివి, తీర్మానం చేసి సంఘానికి పంపండి. విడివిడిగా ఆర్గనైజర్ దగ్గరికి వెళితే అడ్వాన్స్ ఒక్కటే దొరుకుతుంది. కలిసి వెళితే ధర మాట్లాడగలం.