పారిస్‌లో వీరులు, పెరట్లో దొంగలు



పేపర్లో ఏం రాశారో మనం చూస్తాం. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అన్నది కూడా చూడాలంటాం మేం.

1848 ఫిబ్రవరిలో పారిస్ జనం తిరగబడి రాజు లూయీ ఫిలిప్‌ను గద్దె దింపారు. అప్పటికి సముద్రం దాటే టెలిగ్రాఫ్ తీగ లేదు. ఓడ మోసుకొచ్చిన కబురు మార్చిలో అమెరికా చేరింది. అక్కడి పత్రికలు చాలావరకు సంబరపడ్డాయి. ఏప్రిల్ 13 రాత్రి వాషింగ్టన్‌లో కాగడాల ఊరేగింపు. స్వేచ్ఛ, సమానత్వం అంటూ నాయకుల ఉపన్యాసాలు.

రెండు రోజులకే అదే ఊరి నుంచి 77 మంది బానిసలు ‘పెర్ల్’ అనే ఓడెక్కి పారిపోయారు. వెంటాడి పట్టుకున్నారు. చాలామందిని దక్షిణాదికి అమ్మేశారు. బానిసత్వం వద్దని రాసే ‘నేషనల్ ఎరా’ పత్రిక ఆఫీసు మీద అల్లరిమూక రాళ్లు రువ్వింది. రాజును దించినోళ్లు వీరులు, సంకెల తెంచుకున్నోళ్లు దొంగలు! ఇదేం న్యాయం?

బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ 1847 డిసెంబరులోనే రోచెస్టర్‌లో ‘నార్త్ స్టార్’ పత్రిక పెట్టాడు. ఫ్రాన్సు కొత్త ప్రభుత్వం 1848 ఏప్రిల్ 27న తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆగస్టు 1న డగ్లస్ ఆ విప్లవాన్ని కొనియాడాడు, అమెరికా బానిసత్వాన్ని ఎండగట్టాడు. ఆ ఉపన్యాసం తన పత్రికలోనే అచ్చేసుకున్నాడు. ఇంకొకరి దయ కోసం చూడలేదు.

దూరదేశపు తిరుగుబాటును పొగిడే పేపరు కనబడితే, పక్కనున్న వాడ గురించి అదే పేపరు ఏం రాసిందో వెతుకుదాం. రాయకపోతే మనమే రాద్దాం.