తన్నడం వేరు, తన్నుకుపోవడం వేరు

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

మేం వార్డెన్లం. పొద్దున టిఫిన్‌లో ఉప్పు సరిపోయిందా అన్న దగ్గర మొదలై రాత్రి హాజరు పుస్తకం మూసేదాకా మాకు ఉపన్యాసాలిచ్చే తీరిక ఉండదు. అయినా టీచరు ట్రైనింగు చేసిన ప్రాణాలు కాబట్టి మైకు దొరికితే పాఠం చెప్పకుండా ఉండలేం. డోలు గురించి, కొమ్ము గురించి, పాటల గురించి మాకంటే బాగా చెప్పే పెద్దలు ఇక్కడున్నారు. అందుకని మేం గద్ద గురించి చెబుతాం.

"గద్ద కోడిపిల్లను తన్నుకుపోయినట్టు" అని మన ఇళ్లలో రోజూ అంటాం. ఆ ఒక్క మాటలో రెండు పనులున్నాయి. ఒకటి తన్నడం, రెండోది తీసుకుపోవడం. కోడిపిల్ల విషయంలో రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి మనకు తేడా కనిపించదు. వేట పెద్దదయ్యే కొద్దీ ఈ రెండూ విడిపోతాయి. గద్ద బలం గురించి ఊళ్లో నడిచే వాదనల్లో సగం, ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చినవే.

ముందు బరువులు చూద్దాం. ఆకాశంలో రెక్కలు చాపినప్పుడు అంత పెద్దగా కనిపించే పక్షి తక్కెడలో వేస్తే ఏమీ ఉండదు. ఊళ్ల మీద తిరిగే మామూలు గద్ద కిలో కూడా తూగదు. కోడిపిల్లల మీదికి చటుక్కున వచ్చే జాలెడేగ అయితే పావుకిలో ఉంటే గొప్ప. మన అడవుల్లో తలమీద జుట్టుండే పెద్ద డేగ ఒకటుంది, అది సుమారు కిలోన్నర. కొండచరియల మీద గూడు కట్టే బోనెల్లీ గద్ద రెండు కిలోలకు కొంచెం అటూ ఇటూ. ఎముకల్లో గాలి గదులు, ఒంటినిండా ఈకలు. పెద్దగా కనిపించేదంతా రెక్కే.

ఈ బోనెల్లీ గద్దకు పాత పక్షి పుస్తకాల్లో ఒక తెలుగు పేరు ఉంది: కుందేలు సాళువ. సాళువ అంటే డేగ. కుందేలును పట్టే డేగ అన్నమాట. 19వ శతాబ్దంలో జెర్డాన్ అనే ఇంగ్లిషు డాక్టరు నెల్లూరులో ఉద్యోగం చేస్తూ పక్షుల గురించి రాశాడు. అక్కడి అడవి సంగతులు ఆయన యానాదుల దగ్గర నేర్చుకున్నాడు. పేరు పెట్టినవాళ్లు చూపుతో పెట్టారని గమనించండి. కుందేలు బరువు ఆ డేగ బరువుకు దాదాపు సమానం, ఒక్కోసారి ఎక్కువ కూడా. తనంత బరువున్న జంతువును, అదీ పరుగెత్తే జంతువును పట్టే పక్షి అని ఆ పేరే చెబుతోంది.

పట్టింది సరే, మోసుకుపోగలదా? ఇక్కడ లెక్క వస్తుంది, భయపడకండి, ఎనిమిదో తరగతి లెక్కే. ఒక పక్షిని అన్ని వైపులా రెండింతలు పెద్దది చేశామనుకోండి. రెక్క వైశాల్యం 4 రెట్లు అవుతుంది. బరువు మాత్రం 8 రెట్లు అవుతుంది. అంటే పెద్దయ్యే కొద్దీ సొంత ఒంటిని లేపడానికే రెక్క కష్టపడాలి, పరాయి బరువుకు మిగిలేది తక్కువ. అందుకే పెద్ద గద్దలు కూడా మామూలుగా తమ బరువులో సగం దాకానే హాయిగా మోసుకెళ్తాయి. ఎదురుగాలి ఉంటేనో, కొండవాలు నుంచి కిందికి దిగుతుంటేనో ఇంకాస్త. చదును నేల మీద నుంచి లేవడం అన్నిటికంటే కష్టం. దక్షిణ అమెరికా అడవుల్లో హార్పీ గద్ద ఉంది, ఆడది 6 నుంచి 9 కిలోలు. అది కోతుల్ని, స్లాత్ అనే మందకొడి జంతువుల్ని చెట్టు కొమ్మల మీది నుంచి లాగుతుంది. ఎత్తులో పట్టుకుంది కాబట్టి కిందికి జారుతూ పోవచ్చు. అదే జంతువును నేల మీద నుంచి లేపాలంటే దానికీ కష్టమే.

ఇప్పుడు ఫోన్లున్నవాళ్లు వినండి. పార్కులో కూర్చున్న పసిపిల్లవాణ్ణి గద్ద ఎత్తుకుని, కొంచెం పైకి లేచి వదిలేసే వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అది 2012 డిసెంబరులో బయటికి వచ్చింది. కెనడాలోని మాంట్రియల్‌లో యానిమేషన్ చదివే విద్యార్థులు కంప్యూటర్లో తయారు చేశారు. గద్దా బొమ్మే, ఎత్తుకున్న పిల్లవాడూ బొమ్మే. అది తమ విద్యార్థుల పనేనని వాళ్ల కాలేజీ వెంటనే చెప్పింది. ఆ మాట మన దాకా రాలేదు. వీడియో మాత్రం ఇన్నేళ్లయినా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది, ప్రతిసారీ ఏదో ఒక పక్క జిల్లా పేరు తగిలించుకుని.

మోయడం సంగతి అది. తన్నడం సంగతి వేరే. అక్కడ గద్దను తక్కువ అంచనా వేస్తే తప్పు.

వేగంతో మొదలుపెడదాం. రెండు కిలోల పక్షి సెకనుకు 10 మీటర్ల వేగంతో, అంటే గంటకు 36 కిలోమీటర్లతో వచ్చి తగిలితే దానిలో ఉన్న శక్తి 100 జౌల్స్. అదే పక్షి రెక్కలు ముడిచి సెకనుకు 30 మీటర్లతో, అంటే గంటకు 108 కిలోమీటర్లతో దిగితే 900 జౌల్స్. వేగం మూడింతలైంది, దెబ్బ తొమ్మిదింతలైంది. రెండు కిలోల రాయిని 46 మీటర్ల ఎత్తు నుంచి, అంటే పెద్ద పెద్ద చెట్లు రెండు నిలువునా పేర్చినంత ఎత్తు నుంచి వదిలితే కింద ఎంత దెబ్బ తగులుతుందో అంత. బరువు పెంచుకోకుండా వేగం పెంచుకుంది, అదే దాని తెలివి. ఆ రాయి గురి చూసుకుంటుంది కూడా. మనకంటే రెండింతలకు పైగా సూక్ష్మంగా చూడగల కళ్లు ఉన్నాయి దానికి.

అంత శక్తీ వచ్చి నాలుగు గోళ్ల మొనల మీద పడుతుంది. మేకు ఎందుకు దిగుతుంది, సుత్తి ఎందుకు దిగదు అని తరగతిలో అడుగుతాం గదా, అదే పీడనం పాఠం. వెనక వేలి గోరు అన్నిటికంటే పొడవు, లోపలి అవయవాల దాకా దిగేది సాధారణంగా అదే. ముక్కు చీల్చుకు తినడానికి. చంపేది కాలు.

మాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఆ పట్టు. మనం పిడికిలి బిగించి పది నిమిషాలు ఉంచితే చెయ్యి వణుకుతుంది. గద్ద వేళ్లను ముడిచే నరాల తాళ్లకు అడుగున గరుకు గట్లు ఉంటాయి. ఆ తాడు దూరి వెళ్లే గొట్టం లోపల కూడా అలాంటి గట్లే. వేళ్లు బిగిసినప్పుడు ఈ గట్లు ఆ గట్లలో పడి ఆగిపోతాయి. వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది చూడండి, లాగేకొద్దీ బిగుస్తుంది, వెనక్కి రాదు. అలాగ. వేట ఎంత గింజుకున్నా కండ అలిసిపోకుండా పట్టు నిలుస్తుంది. కాబట్టి తనకంటే బరువైన జంతువుతో గద్ద కుస్తీ పట్టక్కర్లేదు. గోళ్లు దించి, రెక్కలు చాపి, అది చల్లబడేదాకా మీద కూర్చుంటే చాలు.

చెల్లెళ్లకు ఒక మాట. గద్దల్లో ఆడదే పెద్దది, బలమైంది. మంగోలియా పడమటి కొండల్లో కజక్ జాతివాళ్లు బంగారు గద్దలతో నక్కల్ని వేటాడతారు. వాళ్లు పెంచుకునేది ఎక్కువగా ఆడగద్దల్నే. నక్క బరువు గద్ద బరువుకు సమానంగానో ఎక్కువగానో ఉంటుంది. గద్ద దాన్ని ఎత్తుకురాదు. నేలకు అదిమి పెట్టి ఉంచుతుంది, వేటగాడు గుర్రం మీద వచ్చేదాకా. తన్నడానికీ తన్నుకుపోవడానికీ తేడా తెలిసినవాళ్లు వాళ్లు.

"మరైతే మనిషి పిల్లకు భయమే లేదా?" అని మా హాస్టల్లో ఒక ఏడో తరగతి పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. నిజం చెప్పాలి కదా. 1924లో దక్షిణాఫ్రికాలో టాంగ్ అనే చోట సున్నపురాయి గనిలో ఒక చిన్న పుర్రె దొరికింది. 25 లక్షల ఏళ్లకు పైబడిన పుర్రె. మనిషి కాదు, మనిషికి పూర్వపు జాతి పిల్ల, వయసు మూడు నాలుగేళ్లు. బతికున్నప్పుడు 10 కిలోల పైచిలుకు ఉండేదని అంచనా. ఏ పులో చంపి ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. 1995లో బెర్గర్, క్లార్క్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అది పెద్ద గద్ద పని అన్నారు. చాలామంది నమ్మలేదు, అంత బరువు గద్ద మోయలేదు కదా అని. 2006లో బెర్గర్ ఆ పుర్రె కంటిగుంతల లోపల గీతలు, చిల్లులు చూపించాడు. ఆఫ్రికా అడవుల్లో కిరీటంలా జుట్టుండే గద్ద ఒకటుంది, నాలుగు కిలోల పక్షి. దాని గూళ్ల కింద దొరికిన కోతి పుర్రెల్లోనూ అచ్చం అలాంటి గీతలే, అదే చోట.

మోయలేదన్న అభ్యంతరానికి జవాబు ఆ గద్ద అలవాట్లలోనే ఉంది. అది తనకంటే ఎన్నో రెట్లు బరువున్న దుప్పిజాతి జంతువుల్ని కూడా చంపుతుంది. చంపినచోటే ముక్కలు చేసుకుని, మోయగలిగినంత మోసుకెళ్తుంది. కాబట్టి భూమ్మీద అలాంటి గద్ద ఉంది, ఒకప్పుడు మన పూర్వీకుల పిల్లల్నీ వేటాడి ఉండవచ్చు. కానీ అది ఆఫ్రికా పక్షి. మన కొండల్లో లేదు. ఇక్కడి జుట్టుడేగ దానిలో సగం బరువు కూడా ఉండదు.

ఈ లెక్కలు ఎందుకు చెబుతున్నామంటే, ఈ ఏడాది మా చుట్టుపక్కల ఒక గూడెంలో జుట్టుడేగ గూడున్న చెట్టును కొట్టేయాలని మాట లేచింది. పాకలో ఉయ్యాల వేసుకున్న బాలింతలు భయపడ్డారు. ఆ భయానికి మూలం మేం చెప్పిన వీడియోయే. దానికి తోడు ఒక ముసలమ్మకు కోళ్లు పోయాయి. పెద్దలు మమ్మల్ని అడగలేదు, మేమే వెళ్లి చెట్టు కొట్టడం కొన్నాళ్లు ఆపమన్నాం. సెలవులకు ఇళ్లకు వెళ్లిన మా పిల్లలు నలుగురు దూరంగా కూర్చుని, గూటికి ఏం వస్తోందో నోటుబుక్కులో రాశారు. తొండలు, ఉడతలు, ఎలుకలు, ఒక పావురం. ఒకరోజు నిజంగానే ముసలమ్మ పెట్ట దొరికిపోయింది, కిలో దాటిన నాటుపెట్ట. డేగ దాన్ని కొట్టింది, మూడుసార్లు లేపబోయింది, గడ్డి మీద జానెడు కూడా లేవలేదు. అక్కడే కూర్చుని తిన్నంత తిని, ఒక తొడ పట్టుకుని చెట్టెక్కింది. పిల్లలు దాన్ని ఉన్నదున్నట్టు పంచాయితీలో చదివారు. కిలో పెట్టను లేపలేనిది మూడు కిలోల పసిగుడ్డును ఎలా ఎత్తుతుందని ఒక పెద్దాయన తనే అన్నాడు. చెట్టు మాట అంతటితో ఆగింది.

ముసలమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "బిడ్డల్ని ఎత్తుకుపోదు సరే, నా పెట్ట సంగతేంది?" అంది. ఆమె నష్టం అబద్ధం కాదు. చట్టం ఉంది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గద్దను, డేగను చంపితే కేసు, అని ఆమెకు చెబితే పెట్ట తిరిగొస్తుందా? డేగలకు పొదలు లేని ఖాళీ నేలంటే ఇష్టం, కోళ్లు దాక్కోలేవు కాబట్టి. ఆమె దొడ్డి చుట్టూ ఉన్న కంపను ఆ వేసవిలోనే నరికేశారు. మా పిల్లలు మళ్లీ నాలుగు మండలు తెచ్చి వేశారు, పిల్లల కోడిని పొద్దుటి పూట మూయడానికి పెద్ద గంప ఒకటి ఇచ్చారు. పంగలకర్ర పట్టుకుని ఆ చెట్టు కింద తిరిగే కుర్రాళ్లు కూడా ఈ సభలోనే ఉన్నారు, పేర్లు చెప్పం. వాళ్లకు ఒక్క సంగతి. ఆ జాతి డేగ ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. మీ రాయి తగిలితే ఆ ఏటికి ఆ గూడు ఖాళీ.

ఈసారి పిల్ల ఎగిరింది. ఇంకా వేట రాదు, చెట్టు చుట్టూ తిరుగుతూ ఆకలేసి అరుస్తోంది, పెద్దవి తెచ్చిపెడుతున్నాయి. నోటుబుక్కు మా ఆఫీసు గదిలో ఉంది. చూడాలనుకున్నవాళ్లు భోజనాలయ్యాక రండి.